ములైప్పారి గది

ఆగస్టు 2, శుక్రవారం

పొద్దున లేచేసరికి నా కూతురు ఇలక్కియ ఒళ్ళు కాలిపోతోంది. జ్వరం తగిలితే గంటసేపు కూడా ఇంట్లో పెట్టుకోవద్దని డాక్టర్లు ముందే చెప్పి పంపారు. శబరి మాట్టుతావణి కూరగాయల మార్కెట్లో సగం లోడు అట్లాగే వదిలేసి, ఆ మినీ లారీలోనే మమ్మల్ని ఆస్పత్రికి తెచ్చాడు.

శబరి నా మొగుడు. ఎదురుగా ఉన్నప్పుడు మామా అంటాను, ఇక్కడ పేరు పెట్టి రాస్తాను. అతనికి తమిళ అక్షరాలే వచ్చు. మా అత్త ఆరాయికి ఏ అక్షరాలూ రావు. మా తాత చెవి మెలిపెట్టి నేర్పిన తెలుగు రాత ఇన్నాళ్ళకు ఇందుకు పనికొచ్చింది. తమిళ ఊరే అయినా మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదవగలిగిన ఇల్లూ లేదు. కాబట్టి నా ఇష్టమొచ్చినట్టు రాసుకోవచ్చు.

ఇలక్కియకు ఎనిమిదేళ్ళు. రక్తంలో క్యాన్సర్. మందులు ఎక్కించి చెడ్డ కణాలను చంపారు. వాటితోపాటు రోగాలతో కొట్లాడే మంచి కణాలూ చచ్చాయి. అవి మళ్ళీ పుట్టేదాకా ఇంట్లో జాగ్రత్తగా చూసుకోమన్నారు. జాగ్రత్తగానే చూసుకున్నాం.

సూది వేయడానికి వచ్చిన నర్సు జెబమలర్‌కు నరం దొరకలేదు. మళ్ళీ పొడిచింది. మళ్ళీ పొడిచింది. పిల్ల గిలగిల కొట్టుకుంటోంది. నేను నర్సు మణికట్టు పట్టుకుని మెలితిప్పాను. ఆమె కేక వేయలేదు. "పిల్ల చూస్తా ఉండాది అక్కా, వదలండి" అని మన భాషలోనే అంది. వదిలాను. ఆమె చెయ్యి కందిపోయింది. నాకు కోపమేమీ రాలేదు. కంగారులో చెయ్యి ఆగలేదు, అంతే.

ఆగస్టు 4

జ్వరం తగ్గలేదు.

ఆగస్టు 5, సోమవారం

డాక్టర్ కల్యాణసుందరం పొద్దున వచ్చి మా ఇంటి గురించి ఆరా తీశాడు. పావురాలు వాలతాయా, గోడలు చెమ్మగిల్లాయా, పూలకుండీలు ఉన్నాయా, మట్టి పనేమైనా జరిగిందా. నేను చీకటితోనే మార్కెట్‌కు పోతాను, టమాటాలు ఏరే పని. తిరిగొచ్చేదాకా పిల్లను చూసేది అత్త. అందుకని డాక్టరు ఆమెను అడిగాడు. ఆమె నేల చూస్తూ ఏమీ లేదంది. నేనూ ఏమీ లేదన్నాను.

వెనకగదిలో ములైప్పారి ఉంది. అది చెప్పలేదు. పిల్ల బతకాలని అత్త మారియమ్మకు మొక్కుకుని పెట్టింది. మట్టి, పేడ, గడ్డి నింపిన కుండల్లో నవధాన్యాలు చల్లి, గాలీ వెలుతురూ రాకుండా గది మూసేసి పెంచుతారు. మొలకలు తెల్లగా, పసుపుగా ఇంతెత్తు లేస్తాయి. పండగనాడు ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకుని ఊరేగేదాకా వాటిని మగవాళ్ళు చూడకూడదు, వాళ్ళ ముందు ఆ ఊసు ఎత్తకూడదు. ఎత్తితే మొక్కు పోతుంది. డాక్టరు మగవాడు. అయినా తాళం వేసిన గదికీ పిల్లకూ ఏం సంబంధం? పిల్ల ఆ గది గడప తొక్కనే తొక్కదు.

ఆగస్టు 6

వార్డు కిటికీ కింద పాతగోడ పగలగొడుతున్నారు. దుమ్మంతా పైకి వస్తోంది. ఆపమని కిటికీలోంచి చెప్పాను. నవ్వారు. కిందకు దిగి, ఒకడి చేతిలో సమ్మెట లాక్కుని, ఇటుకల మీద పెట్టిన, పాటలు మోగుతున్న వాడి ఫోను మీద వేశాను. పాట ఆగింది. పని కూడా ఆగింది. సెక్యూరిటీ ఆరోగ్యసామి నన్ను రెక్కపట్టి పైకి తెచ్చి, ఇంకోసారి ఇట్లా చేస్తే పోలీసులకు చెబుతానన్నాడు. చెప్పుకోమన్నాను. జ్వరం ఆ దుమ్ము వల్లే. నాకు ముందే తెలుసు.

ఆగస్టు 7, బుధవారం

కుడి చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. ముక్కులోంచి నల్లగా నీరు కారుతోంది. డాక్టరు నోరు తెరిపించి టార్చి వేశాడు. అంగిట్లో నల్లటి మచ్చ, బొటనవేలంత. నన్నూ చూడమన్నాడు. చూశాను. కుళ్ళు నాకు కొత్త కాదు, పొద్దస్తమానం చేత్తో పట్టుకునేదే. కానీ ఇది నా బిడ్డ నోట్లో.

ముక్కులోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. సాయంత్రానికి చెప్పారు, ఫంగస్. కరోనా రోజుల్లో టీవీలో నల్ల ఫంగస్ అని భయపెట్టారే, అదే. గాలిలో అందరి ముక్కుల్లోకీ పోతుందట, మన రక్తం దాన్ని చంపేస్తుందట. ఇలక్కియ రక్తంలో చంపేవాళ్ళు లేరు. అది రక్తనాళాల్లోకి దూరి మూసేస్తుంది. రక్తం అందని మాంసం నల్లబడి చస్తుంది. ముక్కు నుంచి కంటికి, కంటి నుంచి మెదడుకు పోతుంది. డాక్టరు ఇదంతా మెల్లగా, తమిళంలో, నా ముఖం చూసి చెప్పాడు. ఆ మెల్లదనానికే అతన్ని కొట్టాలనిపించింది.

మందు ఎక్కించడం మొదలుపెట్టగానే పిల్లకు వణుకు పుట్టింది. మంచం గోడకు టకటక కొట్టుకుంది. దుప్పట్లన్నీ కప్పి, పైన నేను పడుకుని నొక్కి పట్టుకున్నాను. నా దవడకు దాని తల తగిలి నాలుక తెగింది.

వణుకు తగ్గాక డాక్టరు మళ్ళీ అడిగాడు. మట్టి, పేడ, నానిన గడ్డి, ఎక్కడైనా ఉన్నాయా. మంచం మీద నుంచి ఇలక్కియ చెప్పింది. "అవ్వ నన్ను దినమూ మొలకలకాడికి పిల్చుకపోతాది. నేనే నీళ్ళు చల్లుతా. చల్లగా ఉంటాదని ఆడనే నిద్దరపోతా."

మొక్కు ఎవరి పేర పెడితే వాళ్ళ చేత్తో నీళ్ళు చల్లించాలని అత్త అనుకుందట. నేను మార్కెట్‌లో ఉన్నప్పుడల్లా.

తాళంచెవి ఎక్కడని అడిగాను. అత్త కొంగుముడి పట్టుకుంది.

ఆగస్టు 8, గురువారం

శబరిని పిల్ల దగ్గర కూచోబెట్టి ఇంటికి వెళ్ళాను. అత్త నా వెనకాలే వచ్చింది. మొలకలు రేపు ఊరేగాలి. తమిళ ఆడి నెల నాలుగో శుక్రవారం కదా, వీధికి మామిడాకులు కట్టారు, మైకు సెట్టు దిగింది.

తలుపు తీయగానే వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. పేడ, పులిసిన గింజల వాసన. మొలకలు బారుగా, పసుపుగా, ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. వాటి కింద గడ్డి మీద తెల్లటి నూగు. గోడవార చిన్న చాప, దిండు. ఇలక్కియ దిండు. నీలం పువ్వులది.

మొదటి కుండ కాలితో తన్నాను. తర్వాత చేతులతో ఎత్తి గోడకు వేశాను. పెంకులు, మట్టి, మొలకలు నా నెత్తిన పడ్డాయి. ఒక్కటీ మిగల్చలేదు. వీధి ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేక నిలబడ్డారు. సామికి పెట్టిన దాన్ని తన్నకూడదని ఎవరో ఏడుస్తూ అన్నారు. చివరి కుండ మీద అత్త బోర్లా పడి చేతులు చుట్టేసింది. "ఇది పిల్ల పేర పెట్టినా అమ్మాయి. కావాలంటే నన్ను కొట్టు, దీన్ని కొట్టబాకు" అంది.

జుట్టు పట్టి లాగి అవతల పడేశాను. కుండ పగలగొట్టాను. తర్వాత ఆమె చెప్పినట్టే ఆమెనూ కొట్టాను. రెండు దెబ్బలు. రెండే. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

కుళాయి దగ్గర తలకు పోసుకుని, కట్టుకున్న చీర కాల్చేసి ఆస్పత్రికి వచ్చాను. ఎవరు చేశారో తెలిసిపోయింది కాబట్టి ఇప్పుడు కొంచెం నిమ్మళంగా ఉంది.

ఆగస్టు 9

మందు. వణుకు. మందు. వణుకు.

ఆగస్టు 10, శనివారం

కుడి కన్ను తీసేయాలట.

కన్ను, దాని చుట్టూ ఉన్న మెత్తటి మాంసం, అంగిట్లో ఆ నల్లటి భాగం. మందు ఒక్కదానితో ఆగడం లేదు, కంటి వెనక దాకా వచ్చింది, అక్కడి నుంచి మెదడు దగ్గరే. తీస్తే పిల్ల బతకొచ్చు. బతుకుతుందని డాక్టరు అనలేదు. తీయకపోతే మాత్రం వారం కూడా కష్టమన్నాడు. కుళ్ళిన చోటు కోసేస్తేనే మిగతాది నిలుస్తుంది, మార్కెట్‌లో మీరు చూస్తూనే ఉంటారు కదా అన్నాడు. నా కూతురు టమాటా కాదని చెప్పాను. బల్ల మీద ఉన్న పేపర్‌వెయిట్ నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు. డాక్టరు దాన్ని చూశాడు కానీ కుర్చీ వెనక్కి జరపలేదు. క్షమించమన్నాడు. పేపర్‌వెయిట్ కింద పెట్టేశాను.

శబరి ఒప్పుకోలేదు. ఆడపిల్లను అట్లా చేసి ఇంటికి తీసుకుపోతే అద్దంలో చూసుకున్న ప్రతిసారీ మనల్నే తిడుతుందన్నాడు. ఎట్లాగూ పోయేదైతే నిండుగా పోనీ అన్నాడు. పోయేది అన్న మాట అతని నోట మొదటిసారి విన్నాను.

నేను కూడా వద్దన్నాను.

ఆగస్టు 11

ఇవాళ ఇలక్కియ నన్ను చూసి, అమ్మ ఎక్కడ అని అడిగింది.

డాక్టరు దగ్గరకు వెళ్ళి సరేనన్నాను. రేపు సంతకం పెట్టమన్నారు.

ఆగస్టు 12, సోమవారం

దవడ కదలడం లేదు, చేత్తో రాయగలను కాబట్టి రాస్తున్నాను.

పొద్దున సంతకం పెట్టడానికి డాక్టరు గదికి పోతుంటే, శబరి, వాళ్ళన్న కరుప్పుసామి మెట్లెక్కి వస్తున్నారు. కరుప్పుసామి చేతిలో కొత్త దుప్పటి. ఎందుకని అడిగితే దాన్ని వెనక దాచాడు. వెనక్కి పరుగెత్తాను. కిటికీలోంచి చూస్తే కింద మినీ లారీలో పరుపు పరిచి ఉంది. ఇంటికి తీసుకుపోవడానికి వచ్చారు.

నేను మంచానికి అడ్డం నిలబడ్డాను. శబరి ముందు మాటలతోనే చెప్పాడు. "నా బిడ్డ ముఖం కోసేదానికి నేను ఒప్పను. మన ఇంట్లో, మన సామి ముందర పండుకోనీ." పక్కకు జరగమన్నాడు. జరగలేదు. పిడికిలితో దవడ మీద కొట్టాడు. పదేళ్ళ కాపురంలో అతను నన్ను కొట్టింది ఇవాళే. నేనైతే అతన్ని చాలాసార్లు కొట్టాను, అది వేరే.

నేను పడగానే పిల్లను ఎత్తుకున్నాడు. చేతికున్న గొట్టం ఊడి నేలంతా రక్తం. ఇలక్కియ అరవలేదు, అరిచే ఓపిక లేదు, తల వాళ్ళ నాన్న భుజం మీద వాలిపోయింది. లేచి కరుప్పుసామి చెయ్యి కొరికాను. వాడు తల మీద గుద్దుతున్నా వదల్లేదు. నోట్లోకి వాడి రక్తం వచ్చింది, ఉప్పగా. జెబమలర్ గంట నొక్కుతూ, అరుస్తూ, పిల్ల చెయ్యి పట్టుకుని రక్తం ఆపాలని చూస్తోంది.

అప్పుడు మూలన కూచున్న అత్త లేచి వచ్చి గుమ్మానికి అడ్డంగా పడుకుంది. నిదానంగా, ఇంట్లో చాప పరుచుకున్నట్టు.

"నన్ను తొక్కి పోండిరా" అంది కొడుకులతో. "ఒక కన్ను లేకున్నా నా మనమరాలే అది. సచ్చినాక రెండు కండ్లూ ఉంటే ఎవురికి?"

శబరి ఆగిపోయాడు. కన్నతల్లిని దాటలేడు. "లేమ్మా" అన్నాడు, ఏడుస్తున్నాడు. ఆమె లేవలేదు. ఆ కాస్త సేపు చాలింది నాకు. బల్ల మీద స్టీలు క్యారియర్ ఉంది, నిండుగా, బరువుగా. అతని వెనక్కి వెళ్ళి తల మీద వేశాను. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పిల్లను మాత్రం వదల్లేదు, రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. జెబమలర్ అందుకుంది.

ఆరోగ్యసామి ఇంకో ఇద్దరితో వచ్చి కరుప్పుసామిని బయటకు ఈడ్చుకుపోయాడు. శబరి చొక్కా అంతా రక్తం, సాంబారు. అతన్ని కింద క్యాజువాలిటీకి తీసుకుపోతూ, మెట్ల మీద నుంచి పడ్డాడని జెబమలర్ వాళ్ళకు చెప్పింది. నేను మణికట్టు విరవబోయిన మనిషి నా కోసం అబద్ధమాడింది.

కింద వాళ్ళు అతని తలకు కుట్లు వేస్తుండగా పైన నేను సంతకం పెట్టాను. తల్లిదండ్రుల్లో ఒకరిది చాలట.

ఆగస్టు 13

తీశారు.

ఆగస్టు 15, గురువారం

వార్డులో జెండా కట్టి పిల్లలందరికీ లడ్డూలు పంచారు. ఇలక్కియ నిద్రలోనే ఉంది. ముఖం సగం కట్టు. నేను ఆ కట్టు వైపు కూచోను, ఎడమవైపే కూచుంటున్నాను. ఆ వైపు నుంచి చూస్తే ఎప్పటి ఇలక్కియే.

శబరి తలకు కట్టుతో వచ్చి వార్డు బయట మెట్ల మీద కూచున్నాడు. నాతో మాట్లాడలేదు. జెబమలర్ లోపలికి రమ్మంటే, నన్ను చూపించి, ఆమె రమ్మంటేనే వస్తానన్నాడట. నేను రమ్మనలేదు. లడ్డూ పంపాను.

కోసిన చోటు అంచులు శుభ్రంగా ఉన్నాయని, అక్కడ ఫంగస్ కనిపించలేదని డాక్టరు అన్నాడు. తెల్ల కణాలు కూడా పుడుతున్నాయట. అతని కాళ్ళ మీద పడాలనిపించింది. ఐదు రోజుల కింద తల పగలగొట్టాలనిపించింది కూడా ఈ మనిషిదే.

ఆగస్టు 17

మెలకువ వచ్చింది. కట్టు ఎప్పుడు తీస్తారని అడిగింది. వచ్చే వారమని గుమ్మంలోంచి శబరి చెప్పాడు. కన్ను నొప్పి తగ్గాక తీస్తారని జెబమలర్ చెప్పింది. నేను నీళ్ళు తేవడానికి బయటకు పోయాను.

ఇంకోసారి అడిగితే చెబుతాను. ఎవరి వల్ల జరిగిందో కూడా చెబుతాను. దానికి తెలియాలి.

ఆగస్టు 19, సోమవారం

అత్త పిల్ల పక్కన కూచుని పాలు తాగించేటప్పుడు ఆమె రవిక పక్కకు తొలగింది. వీపు మీద, భుజం మీద, మెడ మీద నల్లగా కమిలిన మచ్చలు పచ్చబడుతున్నాయి. చాలా ఉన్నాయి. నేను వేసింది రెండే. పెంకుల మీద పడి ఉంటుంది.

డాక్టరు గదికి వెళ్ళి ములైప్పారి సంగతి మొత్తం చెప్పాను. మగవాడికి చెప్పకూడని సంగతి అంతా చెప్పాను. కుండలు, గడ్డి మీద తెల్లనూగు, నీలం పువ్వుల దిండు. ఆ గది వల్లే వచ్చిందని ఆయన నోటితో ఒక మాట అనాలని అడిగాను. కాగితం మీద రాసిచ్చినా సరే అన్నాను.

ఆయన రాయలేదు. ఆ గది పిల్లకు మంచిది కాదు, నిజమే అన్నాడు. కానీ అక్కడి నుంచే వచ్చిందని ఎవరూ చెప్పలేరన్నాడు. గోడ పగలగొట్టిన దుమ్ములోంచి రావచ్చు, ఉత్త గాలిలోంచి రావచ్చు. తర్వాత నా చీర వైపు చూశాడు. కుళ్ళిన కూరగాయల మధ్య పనిచేసి వచ్చిన బట్టల మీద నుంచి కూడా రావచ్చు అన్నాడు.

నేను రోజూ మార్కెట్ నుంచి వచ్చి, ఆ చీరతోనే, మొదట పిల్లను ఒళ్ళోకి తీసుకునేదాన్ని. అది పరుగెత్తుకొచ్చేది మరి.

ఆయన్ను నోరు మూసుకోమన్నాను. గట్టిగా అనలేదు. బయటకొచ్చి గోడను గుద్దాను. వేళ్ళు వాచాయి. ఆయన అన్నది తప్పు, ఆ డాక్టరుకు ఏమీ తెలియదు.

ఆగస్టు 20

రాయడానికి ఏమీ లేదు.

ఆగస్టు 22, గురువారం

మధ్యాహ్నం అత్త పిల్ల గోళ్ళు తీస్తోంది. సగంలో ఇలక్కియ చెయ్యి వెనక్కి లాక్కుని నా వైపు తిరిగింది.

"అమ్మా, కట్టు కింద కన్ను లేదు కదా" అంది.

శబరి మెట్ల మీద ఉన్నాడు. జెబమలర్ అవతలి మంచం దగ్గర ఉంది. నీళ్ళ సీసా నిండుగా ఉంది, బయటకు పోవడానికి ఇంకే పనీ దొరకలేదు.

"లేదు" అన్నాను.

"ఎవురు తీసేసినారు?"

అత్త గోళ్ళ కత్తెర దుప్పటి మీద పెట్టింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంది. నేను చెప్పబోతున్నానని ఆమెకు తెలుసు. అడ్డుపడాలని చూడలేదు. కుండ మీద నుంచి లాగి కొట్టినప్పుడు ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది. ఇన్నాళ్ళూ మనసులో పొందుపరుచుకున్న మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. అవ్వ, గది, మొలకలు, మొక్కు.

"నేను" అన్నాను. "నేనే తియ్యమన్నా. సంతకం పెట్టినా."

మొదటి దెబ్బ ముక్కు మీద పడింది. మందుల్లో ఉన్న పిల్ల చేతికి అంత బలం ఉంటుందని నేననుకోలేదు. తర్వాత చెంపలు, కళ్ళు, చెవులు. నా జుట్టు పట్టి లాగింది, తీయని గోళ్ళతో మెడ మీద రక్కింది, కాలితో కడుపులో తన్నింది. నా కన్ను నాకు ఇచ్చెయ్యి అని అరిచింది. వార్డంతా చూస్తోంది. జెబమలర్ పరుగెత్తుకొచ్చింది. ఆమెను వద్దన్నాను. శబరి గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు.

నా చేతుల మీద నాకు నమ్మకం లేదు. రెంటినీ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూచున్నాను. దెబ్బలు కాచుకోలేదు. ప్రతి దెబ్బా నాకు సంతోషంగా ఉంది, ఏడుపూ వస్తోంది. అత్త మాత్రం నా మోకాలు పట్టుకుని వదల్లేదు.

కొట్టి కొట్టి అలిసిపోయి దిండు మీద వాలింది. ఆయాసపడుతోంది. ఆ ఒక్క కన్నుతో నన్ను చాలాసేపు చూసింది. రేపు కూడా కొడతానంది.

కొట్టమన్నాను.